రాక్షసుల వైపు వెన్న లేదు

మా చిన్నప్పుడు... శనివారం తెల్లవారితే చాలు, పెరట్లో గుంజకు పెద్ద కవ్వం కట్టేసి, దానికి చుట్టిన తాడు మా చేతికిచ్చేవారు. ఆ కొస పెదనాన్న కొడుకులిద్దరూ, ఈ కొస నేనూ మా అక్క సరళా. బళేపేటలో గాజుల అంగడి వెనకే ఇల్లు. రెండు పాడి ఎనుములు. వారమంతా పోగేసిన పెరుగు.

పెదనాన్న ఉయ్యాల బల్ల మీద కాళ్ళూపుకుంటూ పాలసముద్రం కథ ఎత్తుకునేవాడు. తాడు మాత్రం ముట్టడు మహానుభావుడు...

"మొదట విషమే వస్తాదప్పా. అయినా విడవకూడదు. విడవకుండా చిలికినోళ్ళకే అమృతం!"

పిల్లలకు పట్టుదల నేర్పడమట!

ఆయన కొడుకులు దేవతలు. మేము రాక్షసులం. ఎందుకంటే మా నాన్న ఆయనకు తమ్ముడు... అన్న అంగడిలో గాజులు సర్దే తమ్ముడు. వెన్న తేలగానే దేవతలకు రాగిరొట్టె మీద ఇంతేసి ముద్ద. మాకు మజ్జిగ. పురాణం తప్పకూడదు కదా మరి!

ఒక శనివారం అక్క అరచేతిలో బొబ్బ చితికింది. గుడ్డ చుట్టుకుని చివరిదాకా లాగింది పిచ్చిది. వెన్న తియ్యగానే ఆ చెయ్యే చాపింది.

"పెదనాయనా, నాకూ రవంత... రాక్షసులు గూడా సమంగానే చిలికినారు గదా? వాళ్ళకెందుకియ్యలేదు?"

"ఇట్లా ఎదురు మాట్లాడినందుకే ఇయ్యలేదు. సుమ్నే నోరు మూసుకోని మజ్జిగ తాగు, సల్లగుంటాది."

పెద్ద దేవత నాగరాజు అక్క ముఖం ముందే వేళ్ళు నాకాడు. చూస్తూ చూస్తూ నాకాడు... అది నేను మరిచిపోలేదు.

మరుసటి శనివారం కథ సరిగ్గా అమృతం దగ్గరికొచ్చింది. దేవతలు బలంగా వెనక్కి లాగుతున్నారు. అక్కను గిల్లి చెవిలో అన్నాను... "విడువు."

ఇద్దరం ఒక్కసారే వదిలేశాం. దేవతలు వెల్లకిలా పోయి పేడకుప్పలో పడ్డారు! కుండ ఒరిగింది. పెదనాన్న ఇస్త్రీ పంచె మీద పాలసముద్రం...

"ఏమ్రా దొంగనాయాలా! విడవొద్దని చెప్తినా లేదా?" నా చెవి ఆయన చేతికి చిక్కింది.

బావగారి ఎదుట ఏనాడూ తలెత్తని మా అమ్మ వంటింట్లోంచి వచ్చింది. అక్క చెయ్యి పట్టి ఆయన ముందు చాపింది.

"ఇది చూడు బావా ముందు. పట్టుదలంతా మా బిడ్డలకు, వెన్నంతా మీ బిడ్డలకా? ఈ పొద్దు నుంచి మా పొయ్యి వేరే."

నాన్న అమ్మను ఒకసారి చూసి, పొయ్యికి మూడు రాళ్ళు తెచ్చాడు.

పాలు కొని, తోడేసి, చిన్న కుండలో అమ్మ ఒక్కతే చిలికింది. మొదటి ముద్ద అక్క చేతిలో పెట్టింది. "తిను. కథా లేదు, ఏమీ లేదు." అక్క మణికట్టు దాకా నాకేసింది.

ఇప్పుడు ఊరి చివర వర్తూరులో మా అపార్ట్‌మెంట్ హాల్లో ప్రతి ఆదివారం పిల్లలకు అదే కథ చెప్పే టీచరు... ఫీజు కట్టించుకుని మరీ. కింద బల్లల మీద కునుకుతీసే పిల్లలు, వెనక ఫోన్లలో తలదూర్చిన తల్లిదండ్రులు. పట్టుదల ఒక్క టీచరుకే ఉంది. నాగరాజు కూడా రోజూ పొద్దున్నే నా ఫోనుకు పట్టుదల మీద సూక్తులు పంపిస్తాడు. వెన్న ప్యాకెట్లో వస్తోంది, ఎవరి ఫ్లాటు వాళ్ళది... కసితీరా తిట్టుకుందామన్నా ఒక్కడూ ఎదురుగా లేడు.

మీ ఇంట్లో రాక్షసుల వైపు ఎవరిని నిలబెట్టేవారు? నిలబెట్టిన పెద్దమనిషి ఎవరు? వరసతో సహా రాయండి... మొహమాటం వద్దు.