మూత అంచున గంధం

మా హోసూరు ఫ్యాక్టరీలో టెలిఫోన్ టవర్ల దగ్గర పెట్టే ఇనుప డబ్బాలు తయారవుతాయి. లోపలి బోర్డులు చెవికి వినపడని రొద ఒకటి చేస్తుంటాయి. అది డబ్బా దాటి వస్తే చుట్టుపక్కల ఫోన్లకూ రేడియోలకూ అడ్డం పడుతుంది. ఎంతవరకు రావచ్చో సర్కారు ఒక గీత గీసింది. గీత దాటితే సర్టిఫికెట్ లేదు, సర్టిఫికెట్ లేకపోతే అమ్మకం లేదు. బెంగళూరు ల్యాబ్‌కు పంపేముందు మా దగ్గరే కొలిచి చూసే పని నాది.

ఆయుధపూజ అయ్యాక కొత్త డబ్బా గీత దాటింది. పూజకు ముందు బుద్ధిగా ఉన్న డబ్బానే. డిజైన్ వాళ్లు బోర్డు మార్చారు, వైర్లు మార్చారు, ఇక నన్నే మార్చాలన్నట్టు చూశారు. నాకసలే కోపం ముక్కుమీద ఉంటుంది. "నా మీటరుకేం రోగం? మీ డబ్బానే చూసుకోండి!" అని అందరిమీదా ఎగిరాను. చివరికి విసుగెత్తి మూత విప్పి, అంతవరకు ఎవరూ చూడని దాని అంచు చూస్తే, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని.

మూత ఆనే అంచున ప్రతి స్క్రూ చుట్టూ కావాలనే రంగు వేయకుండా వదులుతాం. ఇనుము ఇనుమును తాకితేనే రొద లోపల ఆగుతుంది. ఆ చోట్లన్నిటా గంధం, దానిమీద కుంకుమ, ఎండి పెచ్చుకట్టి ఉన్నాయి. మూత చూడ్డానికి బిగిసే ఉంది గానీ ఎక్కడా తాకడం లేదు.

మూతలు బిగించేది మత్తూరు వైపునుంచి కంపెనీ బస్సులో వచ్చే ఒక అక్క. గొర్రెలు అమ్మేశాక ఇంటికంతా ఆమె పనే ఆధారం. కాంట్రాక్టు మనిషి. తప్పు దొరికితే "రేపటినుంచి రావద్దు" అని ఒక్క మాటతో సరి. బోర్డు జారవిడిచిన ఒకామెను అంతకుముందే అట్లా పంపేశారు.

ఆమెను పిలిచి అరిచాను. "పూజ చేయాలంటే పైన చోటు లేదా అక్కా? లోపల ఎందుకు పెట్టినావు?"

"ఆ చోట్లు రంగు లేకుండా బోసిగా ఉండాయమ్మా. మంచి దినం, బోసి నుదురుతో ఎట్ల పంపేది అని పెట్టినాను." ఒంటిమీది కంపెనీ కోటు అంచు నలుపుతూ అడిగింది. "నన్ను పనిలోంచి తీసేస్తారామ్మా?"

నా కోపం అక్కడే చల్లారిపోయింది. ఆడపిల్లను అత్తారింటికి పంపినట్టు పంపింది ఆ డబ్బాను. ఇద్దరం కలిసి స్పిరిట్‌తో తుడిచి మూత బిగించాం. రొద గీత కిందికి దిగింది. సంతోషపడే లోపలే మేనేజరు వచ్చాడు.

"ఎట్ల సరిపోయె?"

"మూత తాకలేదు సార్. తుడిచినాను."

నా చేతిలో గుడ్డ ఎర్రగా ఉంది. ఆయన మొహమూ ఎర్రబడింది. "లోపల కుంకుమ పెట్టింది ఎవరు?"

ఎన్నడూ నోరు మూసుకోని నేను ఆరోజు మూసుకున్నాను.

"నేనే సార్," అంది నా వెనకనుంచి అక్క.

తిట్టడానికి నోరు తెరిచిన ఆయన కళ్లు నా మీటరు మీద పడ్డాయి. దాని నెత్తిన కూడా గంధం, కుంకుమ. పూజనాడు చెప్పులు విడిచి ఆయనే పెట్టాడు. నేనూ అటే చూశాను, అక్కా చూసింది.

"దానికి పెట్టింది నేను," అన్నాడు. "నిన్ను పంపేస్తే నేను కూడా నీతోపాటు బస్సెక్కాల. పోమ్మా, పోయి పని చూసుకో. ఇంక లోపల పెట్టొద్దు, పైన పెట్టు."

అక్క తలూపి రెండడుగులు వేసి, గోడ పట్టుకుని ఏడ్చేసింది. నాకూ ఆగలేదు.