వద్దన్న ఉలి

ఈ దేశం వచ్చి నోవై అనే ఊళ్ళో ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజులు తలుచుకుంటే ముందు నవ్వొస్తుంది, ఆ వెంటనే మనసు కలుక్కుమంటుంది. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని చేసిన పని కంటికి కనపడేది కాదు, చేతికి తగిలేది కాదు. అందుకేనేమో (ఏ పురుగు కుట్టిందో తెలీదు) నాకు వడ్రంగం పిచ్చి పట్టింది. అదీ కొత్త సామాన్లతో కాదు, తాతలనాటి ఉలులు, సుత్తులతో. ఇక్కడ ఇంటి పెద్ద పోతే, ఆ ఇంట్లో వస్తువులన్నీ అక్కడే అమ్మకానికి పెడతారు, ఎస్టేట్ సేల్ అని. శనివారం పొద్దున్నే నేనూ, నా రూమ్మేటూ (చుట్టరికమేమీ లేదు, అయినా ‘బావా’ అనే పిలుచుకునేవాళ్ళం) మంచులో డ్రైవ్ చేసుకుంటూ బయల్దేరేవాళ్ళం. “పోయినోళ్ళ ఇండ్లల్ల తుప్పు సామాన్లు ఏరుకునుడేంది బావా! గింత చదువుకున్నది గిందుకేనా?” అని వాడు దారి పొడుగునా సణిగేవాడు. డోనట్ల ఆశ చూపించి లాక్కెళ్ళేవాణ్ణి, పాపం.

ఒక శనివారం ఓ గ్యారేజ్‌లో, చలికాలమంతా నేను వెతుకుతున్న రకం ఉలి కనిపించింది. చెక్కపిడి బొటనవేలు ఆనేచోట నున్నగా అరిగి, నా చేతిలో ఇట్టే ఒదిగిపోయింది. ధర చీటీ లేదు. అడుగుదామని తలెత్తితే ఎదురుగా ఆ ఇంటి పెద్దావిడ. “అది మా ఆయనది, అమ్మడానికి మనసొప్పలేదు. నువ్వు పట్టుకున్న తీరు బాగుంది, ఊరికే తీసుకో,” అంది ఇంగ్లీషులో. నా గుండె గంతేసింది. నోరు మాత్రం, చిన్నప్పుడు పక్కింటివాళ్ళు జంతికలు పెట్టినప్పుడల్లా అలవాటైన మాటే అనేసింది. “నో నో, ఇట్స్ ఓకే ఆంటీ!” పైగా ఉలిని తిరిగి ఆవిడ చేతిలో పెట్టాను కూడా. మన పద్ధతి తెలిసిందేగా. ముందు మనం వద్దనాలి, వాళ్ళు ‘అయ్యో, మొహమాటపడకు’ అనాలి, మళ్ళీ మనం కాస్త మెలికలు తిరగాలి, చివరికి ‘మీరింతగా అంటున్నారు కాబట్టి’ అంటూ పుచ్చుకోవాలి. నేను మెలికలు తిరగడానికి సిద్ధంగానే నిలబడ్డాను.

“ఓ, ఓకే హనీ,” అంది ఆవిడ. ముఖం చిన్నబోయింది. నా వెనకున్న టోపీ పెద్దమనిషిని అదే మాట అడిగింది. ఆయన “శ్యూర్! థాంక్యూ!” అని రెండు చేతులా అందుకున్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఆయన భుజం తట్టి, వాళ్ళాయన ముచ్చట్లు చెప్పడం మొదలెట్టింది. నేను పక్కనే మేకుల డబ్బా కేసి చూస్తూ నిలబడ్డాను.

“నీకేమన్న దిమాక్ ఉందా బావా? ఆమె ఇస్తుంటే వద్దంటవా?” అన్నాడు బావ కార్‌లో.

“ఇంకోసారి అడుగుతుందనుకున్నాన్రా,” అన్నాను. వాడు డోనట్ నోట్లో పెట్టుకుని ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నాడు.

ఇప్పుడు మా గ్యారేజ్ గోడ నిండా ఉలులే, అన్నీ కొన్నవి. ఎవరేమిచ్చినా వాళ్ళ మాట పూర్తి కాకుండానే థాంక్యూ అనేస్తున్నాను (మొన్న ఒకరింట్లో ‘భోంచేస్తారా’ అనేలోపే కూర్చున్నానని మా ఆవిడ తొడ గిల్లింది). ఏం లాభం? ఉలి పోతే పోయింది. తన భర్త వస్తువు నా కంటికి ఆనలేదనుకుందేమో ఆ పెద్దావిడ, అదే బాధ. ఆ గ్యారేజ్‌లో సిగ్గుపడుతూ నిలబడ్డ అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి, తలుచుకుంటే జాలేస్తుంది, ముద్దూ వస్తుంది. వీపు మీద ఒక్కటి చరిచి, “ఆవిడ ఇంక అడగదురా, తీసుకో!” అనాలనిపిస్తుంది.