ఫకీర్ సాహెబ్ పదమూడో నెల

జమ్మలమడుగులో సంవత్సరానికి పదమూడు నెలలు. సరే, అంత పట్టుబట్టను. పంచాంగం ప్రకారం పన్నెండే. కానీ గండికోట చూడటానికి మంచిదని ఫకీర్ సాహెబ్ చెప్పే నెల ఆ పన్నెండింటిలో ఎక్కడా లేదు మరి!

బస్టాండు ముందు ఆటో పెట్టుకుని, కోటకు వచ్చినవాళ్లను కోటకు పోవద్దనడం అతని వృత్తి. జనవరిలో పులివెందుల కొత్త జంట వస్తే, "ఈ మంచులో లోయ యాడ కనపడుతుందప్పా? వానలు పడినాంక రాండి" అన్నాడు. ఆగస్టులో ప్రొద్దుటూరు బట్టల వ్యాపారులు వస్తే, "పెన్నలో నీళ్లు లేవు, ఏంది చూస్తారు?" అన్నాడు. నవంబరులో నీళ్లొచ్చాయి. "బండలు పాచి పట్టినాయి, జారి పడతారు. చలికాలం రాండి!"

పక్క ఆటోలవాళ్లకు అతనంటే ప్రాణం. అతను వద్దన్నవాళ్లంతా వాళ్ల ఆటోలే ఎక్కేవాళ్లు.

ఫకీర్ సాహెబ్ పొరుగింటి రైతు ఆదినారాయణ దసరా ముందు గట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయింది. నడవకపోతే మంచమే గతి అన్నాడు డాక్టరు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య రాజమ్మ బతిమాలింది, తిట్టింది, ఒక పూట అన్నం మానేసింది.

"నడిచి యాడికి పోవల్ల? నేను చూడాల్సింది ఏముండాది?" అనేవాడు.

ఒకరోజు ఫకీర్ సాహెబ్ వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. "మామా, గండికోట చూసినావా?"

"పక్కనుండేదే గదా, ఎప్పుడన్నా పోవచ్చులే అని పోలేదు."

"చలికాలం రానీ, నేను తోల్కపోతా. ఆటో మాత్రం వీధి మొదట్లోనే ఆగుతుంది. ఆడికి నువ్వే రావల్ల."

చలికాలానికి ఆదినారాయణ వాకర్ ఈడ్చుకుంటూ వీధి మొదటికి చేరాడు.

"మంచు మామా! శివరాత్రి పోనీ. ఈసారి బస్టాండు కాడికి రా."

తిట్టుకుంటూ వాకర్ వదిలి కర్ర పట్టాడు. శివరాత్రి తర్వాత బస్టాండు చేరాడు.

"ఎండ ముదిరె మామా. వానలు పడనీ."

మే నెలలో, కాకి కూడా కొమ్మ దిగని మధ్యాహ్నం, ఆదినారాయణ బస్టాండులో ఊడిపడ్డాడు. "ఏం సాయిబూ, ఎగతాళి చేస్తాండావా? ఈపొద్దు తోల్కపోకుంటే నీ ఆటోకు అగ్గి పెడతా!"

ఫకీర్ సాహెబ్ ఆయన ముఖం చూడలేదు, చేతులు చూశాడు. "మామా, కర్ర యాడ?"

ఆదినారాయణ కూడా చేతులు చూసుకున్నాడు. కోపంలో కర్ర ఇంట్లోనే మరిచాడు.

"ఎక్కు మామా," అన్నాడు ఫకీర్ సాహెబ్, "గండికోటకు ఇంతకంటే మంచి కాలం లేదు."

లోయ అంచున బండలు పెనాల్లా కాలుతున్నాయి. పెన్న అడుగున సన్నగా మెరుస్తోంది. చెమట తుడుచుకుంటూ ఆదినారాయణ చాలాసేపు చూశాడు. "శానా బాగుంది. ఇన్నాళ్లూ ఎందుకు చూపియ్యలేదు రా నాకు?"

ఈ సంగతి టీకొట్టు దగ్గర ఎవరెత్తినా ఫకీర్ సాహెబ్ గ్లాసు ఠక్కున దించుతాడు.

"అంతా అబద్ధం! మేలో గండికోటకు ఎవడన్నా తోల్కపోతాడా? ఆ పెద్దాయన కోతలు కోస్తాండాడు. మీకు చూడాలనుంటే చెప్పండప్పా, వానలు పడినాంక పోదాం."