అన్నానికి బీగం

మా వైపు తాళాన్ని బీగం అంటాం. ప్రొద్దుటూరులో మా వీధిలో నాకొక పేరుంది: అన్నానికి బీగం వేసిన కోడలు. పదకొండు మంది ఉన్న ఇంట్లో ఇన్నేళ్లు వండి పెట్టినందుకు నాకు ఏ పేరూ రాలేదు. పెద్దోడి ప్యాంటు పొట్టిదైతే కత్తిరించి చిన్నోడికి నిక్కరు చేసి, మిగిలిన కాళ్లతో కూరగాయల సంచి కుట్టినందుకు రాలేదు. పుచ్చకాయ తిన్నాక ఆ తెల్లటి చెక్కుతో పప్పు చేస్తే, సొరకాయ లేతగా ఉందని అందరూ రెండోసారి వడ్డించుకున్నందుకు కూడా రాలేదు. ఒక్క తుప్పు తాళం వేసినందుకు వచ్చింది. అందుకే ఆ కథ నేనే చెప్పడం మంచిది. మా అత్త చెప్పే కథలో నేను రాక్షసిని. మా ఆయన చెప్పే కథలో ఆయన అసలు ఊళ్లోనే లేడు.

ముందు ఇంటి సంగతి. అత్త, మామ, మేమిద్దరం, మా ముగ్గురు పిల్లలు, మరిది, తోడికోడలు, వాళ్ల పిల్లలిద్దరు. మా ఆయన బట్టల అంగట్లో లెక్కలు రాస్తాడు. మరిది ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుతాడు. ఏ వేళకు వస్తాడో ఆయనకే తెలియదు, వస్తూనే మాత్రం ఆకలి అంటాడు. తోడికోడలు ముందు గదిలో జాకెట్లు కుడుతుంది. ఆమె మిషను మీద నుంచి లేస్తే పని ఆగిపోతుంది కాబట్టి ఆమెను ఎవరూ లేపరు. నేను బీయస్సీ, బీఎడ్ చదివాను. అంత చదివిన మనిషిని ఎప్పుడైనా లేపవచ్చునని మా ఇంట్లో అందరి అభిప్రాయం.

చిన్నది బడికి పోవడం మొదలయ్యాక, జమ్మలమడుగులో ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు సైన్సు చెప్పడానికి పిలిచారు. పొద్దున బస్సెక్కితే మళ్లీ సాయంత్రమే ఇల్లు చూసేది. మొదటి నెలల్లో సెలవు అడిగితే ఇక రానక్కర లేదని ముందే చెప్పారు. నాకు ఆ ఉద్యోగం కావాలి. జీతం సంగతి అటుంచండి. ఉప్పు డబ్బా యాడ పెట్టినావని ఎవరూ అడగని చోట రోజుకు కొన్ని గంటలు నిలబడాలని నాకు ఎంత కోరికగా ఉండేదో, పెద్ద ఇంట్లో కాపురం చేసిన వాళ్లకు చెప్పాల్సిన పని లేదు.

దానికి అడ్డం వచ్చింది మధ్యాహ్నపు అన్నం. అంతకు ముందు ఏడు మా అత్త గంజి వంచుతూ చెయ్యి కాల్చుకుంది. అంత పెద్ద గిన్నె ఆమె ఎత్తకూడదని గట్టిగా చెప్పింది నేనే. పోనీ పొద్దున్నే వండి పెట్టిపోదామంటే పన్నెండుకు చల్లారిపోతుంది. మా మామ చల్లారిన అన్నం తినడు. తినలేక కాదు, తినడు. పక్క బడిలో చదివే పిల్లలు కూడా మధ్యాహ్నం ఇంటికే వస్తారు. పెళ్లిళ్లలో వాడే పెద్ద హాట్‌బాక్సు ఒకటి కొందామని అడిగితే, మా ఆయన వచ్చే నెల చూద్దామన్నాడు. ఆయన చెప్పే వచ్చే నెల ఇంతవరకూ ఏ క్యాలెండరులోనూ రాలేదు.

పాఠాలు చెప్పాలి గదా అని సైన్సు పుస్తకం తిరగేస్తుంటే, వేడిని బయటికి పోనివ్వని వస్తువుల గురించిన పాఠం తగిలింది. చదువుతూ ఉండగానే మా వీధి చివర చెనక్కాయల మిల్లు గుర్తొచ్చింది. అక్కడ వేరుశనగ పొట్టు కుప్పలుగా పడి ఉంటుంది. ఒక గోతం అడిగితే, ఎంత కావాలంటే అంత ఎత్తుకుపొమ్మన్నారు. తోడికోడలి దగ్గర మిగిలిన లైనింగు ముక్కలు అతికి, పొట్టు నింపి దిండ్లు కుట్టాను. హాస్టల్లో ఉన్నప్పటి నా ఇనప ట్రంకు పెట్టెను అటక మీది నుంచి దించి, అడుగున ఒక దిండు, చుట్టూ నాలుగు, పైన కప్పడానికి ఒకటి సర్దాను. ఎసరు లెక్కగా పోసి, అన్నం పొంగు వచ్చాక కాసేపు ఉడకనిచ్చి, మూత బిగించి, గిన్నెను పాత బొంతలో చుట్టి పెట్టెలో పెడితే చాలు. మిగతా ఉడుకు ఆ వేడితోనే అయిపోతుంది. గంజి వంచే పని లేదు. పక్కనే పప్పు గిన్నె. గ్యాసు కూడా బాగా మిగులుతుంది. షరతు ఒక్కటే. మధ్యలో పెట్టె తెరవకూడదు. తెరిస్తే పోయిన వేడి మళ్లీ రాదు.

ఆదివారం పూట నేను ఇంట్లో ఉండి చేసి చూపించాను. పెట్టె తెరవగానే పొగలు కక్కే అన్నం చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. మా మామ నాలుగు ముద్దలు తిని, పలుకు లేదన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు. నా ఉద్యోగానికి దారి దొరికిందనుకున్నాను.

నేను స్కూల్లో చేరిన మొదటి రోజే అన్నం ఉడకక పలుకు పలుకుగా ఉందని మా ఆయన ఫోన్ చేశాడు. సాయంత్రం ఇంటికి వచ్చి ఆరా తీస్తే, అత్త ఒకసారి పెట్టె తెరిచి చూసిందని తేలింది. ఒక్కసారేనని ఆమె అంటుంది. కాదని ముందు గదిలోంచి తోడికోడలు అంటుంది. ఆమెను కూర్చోబెట్టి, వేడి ఎట్లా పోతుందో, పొట్టు ఎందుకు ఆపుతుందో, ఎనిమిదో తరగతికి చెప్పినంత ఓపికగా చెప్పాను. బుద్ధిమంతురాలైన విద్యార్థిలా తల ఊపింది. మరుసటి రోజు మళ్లీ తెరిచింది. అడిగితే, పూర్తిగా తెరవలేదని, పై దిండు కొంచెం పక్కకు జరిపి మూత సందులోంచి మాత్రమే చూశానని చెప్పింది. ఆ తర్వాత రోజు, చూడను కూడా లేదని, గిన్నె వేడిగా ఉందో లేదో చెయ్యి పెట్టి చూశానని చెప్పింది.

నాలుగు రోజులు ఇదే తంతు. మా మామ ఇక మధ్యాహ్నం హోటల్లో తింటానన్నాడు. ఆ మాటకు ఇల్లంతా ఉలిక్కిపడింది. మా ఇంట్లో హోటలు అన్నం తినడమంటే ఇల్లు అమ్ముకోవడానికి ఒక మెట్టు ముందు. నెలాఖరుకు ఈ ఉద్యోగం సంగతి ఏదో ఒకటి తేల్చుకోవాలని మా ఆయన గోడకు చెప్పినట్టు చెప్పాడు. తేల్చుకోవాల్సింది నేను, మానుకోవాల్సింది నేను, తెరుస్తున్నది వేరొకరు.

అప్పుడు వేశాను తాళం. ట్రంకు పెట్టెకు ఎలాగూ కొండి ఉంది. తాళంచెవి ఎదురింట్లో ఇచ్చాను. ఎదురింటామె భర్త కువైట్లో ఉంటాడు. ఆమె, నేను మంచీ చెడ్డా చెప్పుకుంటాం. పన్నెండు దాటాక మా పిల్లలు వస్తే ఇవ్వమని, అంతకు ముందు ఎవరొచ్చినా ఇవ్వవద్దని చెప్పి బస్సెక్కాను. తప్పు చేశానని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఆ పూట అన్నం మల్లెపువ్వులా ఉడికింది. అందరూ తిన్నారు. మా అత్త మాత్రం ముట్టలేదు.

సాయంత్రం వీధిలో అడుగు పెట్టగానే ఎదురింటామె గడప దగ్గరే ఆపింది.

"అక్కా, నీ బీగంచెవి నువ్వే పెట్టుకో. మీ అత్త నా ముందర చెయ్యి చాపి నిలబడె. పన్నెండు కాలేదమ్మా అంటి. ఇంగ నేను ఆమెకు మొగం ఎట్ల చూపించేది?"

మా ఇంటి అన్నం తాళంచెవి ఎదురింటి గూట్లో ఉందన్న సంగతి అప్పటికే పాల అంగడి దాకా పోయింది. పాలు పోసే అతను కూడా నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. అత్త నాతో మాట మానేసి, పులివెందులలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది. ఆయన చీనీ, అంటే బత్తాయి, తోట చూసుకుంటూ, తీరిక దొరికినప్పుడు బంధువుల ఇళ్లలో పంచాయితీలు తీరుస్తుంటాడు. ఆదివారం ఒక సంచి చీనీకాయలతో దిగాడు. నా ఉద్యోగం మాన్పించి పోవడానికి వచ్చాడని సంచి దించకముందే తెలిసిపోయింది. నేను ఆయనను చిన్నాయనా అంటాను.

కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి మొదలుపెట్టాడు.

"ఏం పాపా, ఇంట్లో బువ్వకు బీగమేస్తాండావంట."

"బువ్వకు కాదు చిన్నాయనా, పెట్టెకు."

"పెట్టెలో ఏముంది?"

"బువ్వ."

"నేనడిగేదీ అదే గదా."

మా మామ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపరు వణుకుతోంది. నవ్వుతున్నాడని నాకు తెలుసు.

అత్తాకోడళ్ల మధ్య బీగం పడేంత అవసరం తెచ్చే ఉద్యోగం ఎందుకని ఆయన చాలాసేపు చెప్పాడు. కడుపు నిండా తినే ఇంట్లో ఈ గొడవలేందన్నాడు. ఉద్యోగం యాడికీ పోదని, పిల్లలు పెద్దయ్యాక చూసుకోవచ్చని ముగించాడు. పిల్లలు పెద్దవాళ్లయ్యేసరికి నేను చిన్నదాన్ని అవుతానా అని అడిగాను. మా ఆయన అన్నీ వింటూ చీనీకాయ తొన తొనకూ గింజలు తీస్తూ కూర్చున్నాడు. అంత శ్రద్ధగా ఆయన ఏ పనీ చేయగా నేను చూడలేదు.

చిన్నాయనతో వాదించి లాభం లేదని అత్త వైపు తిరిగాను. ఇన్ని సార్లు చెప్పినా ఎందుకు తెరుస్తావని అడిగాను. ఆమె నన్ను చూడకుండా, తమ్ముణ్ణి చూస్తూ చెప్పింది.

"ఈ ఇంటికొచ్చిన కాడి నుంచి బువ్వ ఉడికే సద్దు వింటాండా. ఆ పెట్టెలో సద్దు లేదు, వాసన లేదు. లోపల ఉడుకుతాందో ఊరికే ఉందో తెల్దు. పన్నెండుకు అందరూ కూసున్నాక మూత తీస్తే పలుకుంటే, ఆకలి మొగాలు చూసేది నేను. ఈమె జమ్మలమడుగులో ఉంటాది."

మా ఆయన చీనీకాయ పక్కన పెట్టి నన్ను చూశాడు. ఆమె చాదస్తంతో తెరుస్తోందని, నా మీద పంతంతో తెరుస్తోందని ఎన్నో అనుకున్నాను. భయపడి తెరుస్తోందని అనుకోలేదు. అయినా భయపడి తెరిచినా అన్నం ఉడకదు గదా. అందుకే నేను వెనక్కి తగ్గలేదు. లేచి తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

"బీగంచెవి నీ దగ్గరే పెట్టుకో అత్తా. ఎవరొచ్చినా పన్నెండు దాకా తీయొద్దు, నువ్వు కూడా తీయొద్దు. అట్ల పెట్టినాక కూడా పలుకుంటే, ఆ పొద్దే ఫోన్ చేసి ఉద్యోగం మానుకుంటా."

చిన్నాయన వెంటనే, నేను చెప్పొచ్చింది అదే గదా అన్నాడు. ఆయన చెప్పొచ్చింది దానికి సరిగ్గా తలకిందులు. కానీ తీర్పు తనదే అని ఆయన తృప్తిగా భోజనానికి కూర్చున్నాడు. రెండుసార్లు పప్పు వడ్డించుకున్నాడు.

సోమవారం జమ్మలమడుగులో ఏం పాఠం చెప్పానో నాకే తెలియదు. ఉద్యోగం మానాలని కోరుకునే మనిషి చేతిలోనే నా ఉద్యోగాన్ని పెట్టి వచ్చాను. దిండు కొంచెం పక్కకు జరిపితే చాలు, నన్ను ఇంట్లో కూర్చోబెట్టవచ్చు. పన్నెండు దాటింది, ఒంటిగంట దాటింది. ఫోన్ రాలేదు. నేను చేయలేదు. బాగాలేకపోతే చెప్పడానికి ఇంట్లో అంత మంది ఉన్నారు, బాగుంటే చెప్పడానికి ఒక్కరూ ఉండరు.

ఇంటికి పోయేసరికి అత్త చాటలో బియ్యం ఏరుతోంది. ఆమెను అడగలేదు. మధ్యాహ్నం విన్నదంతా పిల్లలే చెప్పారు. పదిన్నరకు మరిది లారీ దిగి ఆకలంటూ వచ్చాడట. పెట్టె దగ్గర పీట వేసుకుని కూర్చున్న అత్త లేవలేదట. బొరుగుల్లో ఎర్రగడ్డ తరిగి, కారం కలిపి పెట్టించిందట. ఆయన బతిమాలాడట, కోపం చేశాడట, హోటలుకు పోతానన్నాడట. పొమ్మందట. హోటలుకు పొమ్మన్న మాట ఆ ఇంట్లో ఆమె నోట వచ్చిందంటే నేను నమ్మలేక తోడికోడల్ని అడిగాను. ఆమె మిషను ఆపకుండానే తల ఊపింది.

చివరికి నేనే అత్త దగ్గరికి పోయి, బువ్వ ఎట్లుందని అడిగాను.

"ఉడికింది," అంది బియ్యంలోంచి తలెత్తకుండా. "ఎవురూ మాటిమాటికీ తీయకపోతే ఉడకదా యాడన్నా."

ఇన్ని రోజులూ తీసింది నేనైనట్టు. ఉద్యోగం నిలిచింది గదా అని సరిపెట్టుకున్నాను.

అప్పటి నుంచి తాళంచెవి ఆమె కొంగు ముడిలోనే ఉంది. ఇంటికి ఎవరొచ్చినా పెట్టె చూపించి, వేడి బయటికి పోకూడదు అబ్బా, అదే దాని కిటుకు అని ఆమె చెబుతుంది. పొట్టు ఎవరు తెచ్చారో, దిండ్లు ఎవరు కుట్టారో ఆ పాఠంలో రాదు. రంజాన్ నెలలో ఎదురింటామె తన బిర్యానీ గిన్నె తెచ్చి పెట్టెలో పెట్టుకోవచ్చా అని అడిగితే, నన్ను అడగకుండానే సరేనంది.

పోయిన ఆదివారం పెట్టె మూసిన కాసేపటికి పప్పులో ఉప్పు వేయలేదని నాకు గుర్తొచ్చింది. తాళంచెవి అడిగాను. ఇవ్వలేదు. ఉప్పు వేసి వెంటనే మూస్తానన్నాను. తీస్తే పోయిన వేడి మళ్లీ రాదని నువ్వే గదా చెప్పింది అంది. అడిగేది ఎవరో చూడమన్నాను. ఎవరైనా సరే అంది. ఆ పెట్టె నాది, ఆ దిండ్లు నావి, ఆ పాఠం నాది. పదకొండు మందిమీ పప్పులో ఉప్పు పైన చల్లుకుని తిన్నాం. మా మామ పలుకు లేదన్నాడు.

సోమవారం జమ్మలమడుగు బస్సు ఊరు దాటిందో లేదో ఫోన్ మోగింది. అత్త.

"ఏమ్మే, ఈ పొద్దన్నా ఉప్పేసినావా?"

వేసినా అని అరిచాను. ముందు సీట్లో ఉన్న ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు.