దీపం పెట్టే వేళ

సందు మలుపు తిరిగేసరికి మా గుమ్మం పక్క గూట్లో దీపం వెలుగుతూ కనిపించింది. కాళ్లు అక్కడే ఆగిపోయాయి. టైము ఏడూ ఇరవై. నేను ఇల్లు చేరకముందే ఆ దీపం వెలగడం రెండేళ్లలో అదే మొదటిసారి. నా ఉద్యోగం పోయిందనుకున్నాను.

మా ఇంటికో రాజ్యాంగం ఉంది. కాగితం మీద లేదు గానీ, అందులో ముఖ్యమైన అధికరణం ఒక్కటే: దీపం పెట్టేలోపు కోడలు ఇంట్లో ఉండాలి. ఆ రూలు పెట్టింది మామయ్యగారి తల్లి. ఆవిడ పోయి చాలా కాలమైంది. రూలుకి మాత్రం ఇంతవరకూ జలుబు కూడా చెయ్యలేదు. నేను తాడేపల్లిగూడెంలో ఇంటర్ పిల్లలకి పౌరశాస్త్రం చెబుతాను. సాయంత్రం రైలు ఎంత బుద్ధిగా నడిచినా ఏడులోపు ఏలూరు చేరదు.

ఉద్యోగం వచ్చిన కొత్తలో పాఠంలో ఉన్నట్టే సవరణ ప్రతిపాదించాను. రాజ్యాంగాన్ని మార్చాలంటే పార్లమెంటు రెండు సభల్లోనూ ఓటేసిన వాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి, వాళ్లు మొత్తం సభ్యుల్లో సగానికి మించి ఉండాలి. కొన్నింటికి సగం రాష్ట్రాలు కూడా తలూపాలి. మా ఇంట్లో రెండు సభలూ మామయ్యగారే. రాష్ట్రాలు కూడా ఆయనే. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని గైర్హాజరయ్యారు. బిల్లు వీగిపోయింది.

మర్నాటినుంచి అత్తయ్యగారికి దీపం పెట్టడంలో ఆలస్యం మొదలైంది. ఓ రోజు వత్తి లేదు. ఓ రోజు నూనె చాలదు. ఓ రోజు అగ్గిపెట్టె చెమ్మగిల్లింది. నేను చెప్పులు విప్పగానే అన్నీ దొరికేవి. రూలులో అక్షరం మారలేదు. సుప్రీంకోర్టు చేసిందీ ఇదేగా! జీవించే హక్కు అనే మాటని ముట్టుకోకుండానే అందులోంచి మంచి గాలి, మంచి నీరు, గోప్యత అన్నీ బయటికి తీసింది. ఆ పాఠం చెప్పినప్పుడల్లా నాకు అత్తయ్యగారి అగ్గిపెట్టే గుర్తొస్తుంది.

ఆ రోజు పొద్దున్న అత్తయ్యగారు చెల్లెల్ని చూడ్డానికి కలిదిండి వెళ్లారు. చీకటి పడగానే మా తొమ్మిదేళ్ల అమ్మాయి పెద్దరికం మీదేసుకుని దీపం పెట్టేసింది. తమ్ముడు చప్పట్లు కొట్టాడట.

మామయ్యగారు అరుగు మీదే ఉన్నారు.

"దీపం పెట్టి గంటయిందమ్మాయ్."

"చూశానండి. దేశ రాజ్యాంగాన్నే వందసార్లకి పైగా మార్చారండి, మామయ్యగారూ..."

"మార్చారు. ఆస్తి హక్కుని ప్రాథమిక హక్కుల్లోంచి పీకేశారు. సర్కారు వాళ్లు కొల్లేట్లో మన చేపల చెరువు గట్టు కొట్టేసినప్పుడు లాయరు ఆ ముక్క చెప్పి ఫీజు కూడా తీసుకున్నాడు. మార్పుల గురించి నాకు చెప్పకు. రేపట్నించి మానెయ్."

మా ఆయన కాళ్లకున్న చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు. ఏడుస్తూ ఫోను తీసింది మా అమ్మాయే.

"మామ్మా! నేను దీపం పెట్టాను, అమ్మ ఉద్యోగం పోయింది!"

"ఫోను గట్టిగా వినపడేలా పెట్టి తాతయ్య ముందుంచు," అన్నారు అత్తయ్యగారు. "ఏవండీ! పిల్లలు సరదాకి వెలిగించింది దీపం ఎలా అవుతుందండీ? పెళ్లయిన కొత్తలో నేను ఆ గూడు ముట్టుకుంటే మీ అమ్మగారేమన్నారు? ఇంటి ఇల్లాలు పెడితేనే దీపం, ఇల్లాలు ఊళ్లో లేనప్పుడు కోడలు పెడితే దీపం అన్నారా లేదా?"

"అన్నార్లే."

"నేనిప్పుడు ఊళ్లో ఉన్నానా?"

మామయ్యగారు లేచి, దీపం కొండెక్కించి, "కానియ్ మరి," అన్నారు నా వంక చూడకుండా.

కాళ్లు కడుక్కుని వెలిగించాను. మూడు పుల్లలు పోయాయి.

నా భయం మాత్రం పోలేదు. కాగితం మీద లేని మార్పు ఎంత మెల్లగా వస్తుందో అంత మెల్లగానూ జారిపోగలదు. ఒక్క తీర్పుని పట్టుకుని నేను రోజూ రైలెక్కుతున్నాను. ఆ తీర్పిచ్చిన ఆవిడకి మోకాళ్ల నొప్పులు.

మర్నాడు పొద్దున్న అమ్మాయికి జడ వేస్తూ ఇద్దరికీ చెప్పాను: "మామ్మ వచ్చేదాకా దీపం నేనే పెడతాను. అగ్గిపెట్టె జోలికి వెళ్లారంటే ఊరుకోను. చీకటైతే ట్యూబులైటు వేసుకోండి. దాని గురించి తాతయ్య వాళ్లమ్మగారు ఏమీ చెప్పలేదు."