సూది గుచ్చుకుంటే వచ్చిన సంబంధం

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మనిషికి రెండు భ్రమలుంటాయి. ఒకటి, తనకు అన్నీ వచ్చేశాయని. రెండోది, రానివి ఎవరూ కనిపెట్టలేరని. ఆ రోజుల్లో నాకు ఈ రెండూ పుష్కలంగా ఉండేవి. ఇరవై రెండేళ్ళకి నర్సింగ్ పూర్తిచేసి రాజమండ్రిలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. చేరిన నెలకే 'ఆ అమ్మాయి సూది వేస్తే చీమ కుట్టినట్టు కూడా ఉండదండి' అని పేరొచ్చింది. (ఆ పేరు తెచ్చుకున్న మనిషి, తనకు వేయాల్సిన కామెర్ల టీకా మూడో డోసును సూదంటే భయమేసి ఎగ్గొట్టిందన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలీదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను, మీలోనే ఉంచుకోండి.)

మా పైన ఓ పెద్ద సిస్టర్ ఉండేవారు. ఆవిడ వచ్చేలోపే ఫినాయిల్ వాసన వచ్చేది కాబట్టి చాటున అందరం 'ఫినాయిలమ్మ గారు' అనుకునేవాళ్ళం. చాటున అనుకునే పేరుకి కూడా 'గారు' తగిలించామంటే ఆవిడంటే ఎంత హడలో అర్థం చేసుకోండి. అలాగని ఆవిడ ఎవరినీ ఏకవచనంలో పిలిచి ఎరగరు. నేల తుడిచే మనిషితో కూడా 'కాస్త ఆ మూల చూడండి' అనే అనేవారు. ఆ మర్యాదకే మాకు సగం ప్రాణం పోయేది. ఆవిడ బల్ల మీద రెండు వస్తువులుండేవి. ఒకటి వాడేసిన సూదులు పడేసే తెల్ల డబ్బా, రెండోది ఎవరికైనా సూది గుచ్చుకుంటే రాయాల్సిన రిజిస్టరు. దసరాకి ఆయుధపూజ చేసినప్పుడు బీపీ మిషన్లతో పాటు వీటికీ పసుపు రాసి కుంకం బొట్లు పెట్టేవాళ్ళం. రిజిస్టరులో ఒక్క అక్షరం లేదు. 'మన ఆసుపత్రిలో ఇంతవరకూ ఎవరికీ గుచ్చుకోలేదు' అని డాక్టరుగారు వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చూపించేవారు. అందులో మొదటి పేరు రాయించుకోవడం అపశకునమని మా అందరికీ లోలోపల ఓ నమ్మకం.

ఇక ఆ డబ్బా ఉండేది వార్డుకి ఈ చివర. పేషెంట్లు ఉండేది ఆ చివరిదాకా. మూత లేని సూది పట్టుకుని అంత దూరం నడిస్తే ఎవరికో తగులుతుందని, వాడేసిన సూదికి మళ్ళీ మూత పెట్టేసి తెచ్చేవాళ్ళం. అలా పెట్టకూడదని కాలేజీలో చెప్పారు, పరీక్షలో రాశాం, మార్కులు కూడా వచ్చాయి. ఒకరోజు పొద్దున్న తొమ్మిదింటికి, కోనసీమ నుంచి జ్వరంతో వచ్చిన ఓ కుర్రాడికి రక్తం తీసి, అలవాటు ప్రకారం మూత పెడుతుంటే పక్క మంచం ఆయన 'సిస్టర్ గారూ, ఫ్యాను వెయ్యండి' అన్నాడు. అటు తిరిగాను. సూది వచ్చి నా ఎడమ చూపుడువేలిలో దిగింది.

ముందు చేసిన పని ఏంటో తెలుసా? వేలు నోట్లో పెట్టుకుని చీకాను. గులాబీ ముల్లు గుచ్చుకున్న చిన్నపిల్లలా. ఆ తర్వాతే ఆలోచన వచ్చింది. ఆ కుర్రాడి జ్వరం ఏమిటో ఇంకా తేలలేదు. అతని రక్తంలో ఏముందో తెలీదు, నేను వేయించుకోని డోసు సంగతి మాత్రం బాగా తెలుసు. పెద్ద సిస్టర్‌కి చెబితే ఆ ఖాళీ రిజిస్టరుకి బోణీ నేనే, ఉద్యోగం ఊడినట్టే. చెప్పకపోతే ప్రాణానికే ముప్పేమో. ఈ రెంటి మధ్యా నా బుర్ర ఓ మహత్తరమైన ఉపాయం కనిపెట్టింది. కుర్రాడి పక్కనే వాళ్ళమ్మ ఉంది కదా, ఆవిణ్ణి అడిగి అతనికి జబ్బులేమీ లేవని తెలుసుకుంటే సరిపోతుంది!

పన్నెండింటికి మంచం దుప్పటి సర్దే నెపంతో వెళ్ళాను. "పిన్నిగారూ, మీ అబ్బాయికి ఇదివరకు పెద్ద జబ్బులేమన్నా చేశాయాండీ?"

"ఏం లేవమ్మా. చిన్నప్పుడు ఆటలమ్మ పోసింది, అంతే."

"కామెర్లు? రక్తం ఎక్కించడం, అలాంటివేమన్నా?"

"మావాడికా! రాయిలాంటి మనిషి. ఈ పాడు జ్వరం తప్ప ఏమీ ఎరగడు."

"బయట తిరుగుళ్ళు, అలవాట్లు... ఏమైనా ఉన్నాయాండీ?" అని గొంతు తగ్గించి అడిగాను.

ఆవిడ నన్ను తలనుంచి పాదాలదాకా చూశారు. మొహంలో నెమ్మదిగా ఓ వెలుగు వచ్చింది. "సిగరెట్టు కూడా ముట్టడమ్మా. ఒక్కడే కొడుకు. మూడెకరాల కొబ్బరితోట ఉంది. ఇంతకీ మీదే ఊరు? నాన్నగారేం చేస్తారు? మనవాళ్ళేనా?" అని నా చెయ్యి పట్టుకున్నారు. (గుచ్చుకున్న చెయ్యే.) ఏదో గొణిగి పారిపోయాను. మళ్ళీ అటు వెళ్ళేసరికి, నూట రెండు జ్వరంలో ఉన్న ఆ కుర్రాడు తల దువ్వుకుని, దిండు నిలబెట్టుకుని కూర్చున్నాడు.

ఒంటిగంటకి పెద్ద సిస్టర్ పిలుస్తున్నారని కబురొచ్చింది. వెళ్తే ఆవిడ బల్ల మీద అరడజను బత్తాయిలు, పక్కనే నిలబడి పిన్నిగారు. "మీ సిస్టరమ్మాయి మావాడి పుట్టుపూర్వోత్తరాలన్నీ అడిగిందండి. పిల్ల బాగుంది. ఇక్కడ పెద్దవారు మీరే కదా అని ఓ మాట మీ చెవిన వేస్తున్నాను."

పెద్ద సిస్టర్ నా వైపు తిరిగారు. "డ్యూటీలో సంబంధాలు చూసుకుంటున్నారా మీరు?"

ఆ 'మీరు'తో నాకు ఏడుపు ఆగలేదు. వేలు చూపించి, ఎగ్గొట్టిన డోసుతో సహా మొత్తం కక్కేశాను. ఆవిడ మొహం పాలిపోయింది. "ఎప్పుడు?" "తొమ్మిదింటికండీ." గడియారం చూశారు. "నాలుగ్గంటలా! ఒసేయ్ పిచ్చిమొహమా, జబ్బు అంటకుండా మందు వాడాల్సొస్తే గంటల్లో మొదలెట్టాలే! సబ్బుతో కడిగావా? ఏంటీ, చీకావా?" అంటూ నన్ను రెక్క పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళ్ళారు. ఆవిడ నోట 'ఒసేయ్' వినడం అదే మొదలు. నిజం చెప్పొద్దూ, ఆ మాటకి నా భయం సగం దిగిపోయింది.

చెయ్యి కడిగించి, డాక్టరుగారికి చెప్పి, నా రక్తం తీయించారు. తర్వాత పిన్నిగారికి ఉన్నదున్నట్టు చెప్పి, వాళ్ళబ్బాయి రక్తం పరీక్షకి ఇంకాస్త కావాలని అడిగారు.  "అయితే సంబంధం కాదన్నమాట," అని పిన్నిగారు నిట్టూర్చారు. "సర్లెండి, ఆ పిల్ల భయం తీరడమే కావాలి. తీసుకోండి." కుర్రాడు చెయ్యి చాపి, నన్ను చూసి, "మళ్ళీ ఈవిడే తీస్తారాండీ?" అన్నాడు. పెద్ద సిస్టరే తీశారు.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. అతనికి ఏమీ లేదు, టైఫాయిడ్ తప్ప. నేను మందులు వాడక్కర్లేదన్నారు. నా మూడో డోసు మాత్రం అక్కడికక్కడే వేశారు, నేను పెట్టిన కేక వార్డంతా విన్నారు. అప్పుడు పెద్ద సిస్టర్ ఆ రిజిస్టరు ముందుకి లాక్కుని కలం తీశారు. నా పేరు చెప్పబోతుంటే ఆపారు. మొదటి గడిలో తన పేరు రాసుకున్నారు. "నాకూ గుచ్చుకుంది, చాలా ఏళ్ళ కిందట. ఎవరికీ చెప్పలేదు, పరీక్షా చేయించుకోలేదు. ఆర్నెల్లు మా పిల్లలకి ముద్దు కూడా పెట్టలేదు," అన్నారు, తలెత్తకుండా. నా పేరు రెండోది. వారం తిరక్కుండా ఆయాలూ, చెత్త సంచులు మోసేవాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి పేర్లు రాయించుకున్నారు. డబ్బాలు ప్రతి ట్రాలీ మీదకీ వచ్చాయి. డాక్టరుగారు గొప్ప చెప్పుకోవడం మానేశారు.

ఇప్పుడు నేనూ ఓ ఆసుపత్రిలో పెద్ద సిస్టర్‌నే. (నా చాటుపేరేంటో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు.) మొన్న కొత్తగా చేరిన ఓ అమ్మాయి వేలు పైకెత్తి పట్టుకుని, వార్డు ఆ చివర్నుంచి అందరికీ వినపడేలా "మేడమ్, గుచ్చుకుందండీ!" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చింది. ఒక్క నిమిషం కూడా దాచలేదు. దుప్పటి సర్దే నెపం వెతుక్కుంటూ తిరిగిన నా వెర్రిమొహం గుర్తొచ్చి నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే కళ్ళు తడిశాయి. అది చూసి ఆ పిల్ల హడలిపోయి, "ఏంటండీ మేడమ్, నాకేమన్నా అయిపోతుందాండీ?" అంది.

"ఏమీ కాదే పిచ్చిమొహమా," అన్నాను. "పద, ముందు చెయ్యి కడుక్కుందాం."