డొల్ల పిన్నులో జొన్నరొట్టె

తొంభైల చివర్లో, ఆ రోజుల్లో, చేతికి సర్టిఫికెట్ వచ్చిందంటే దానితోపాటు తెలివి కూడా వచ్చేసినట్టేనని నమ్మేవాణ్ణి. డీజిల్ మెకానిక్ కోర్సు అయిపోగానే చొక్కా జేబులో ఒక కరెంటు టెస్టర్ పెట్టుకుని మేడ్చల్ బస్టాండు దగ్గర తిరిగేవాణ్ణి. (డీజిల్ ఇంజనుకు టెస్టరుతో ఏం పని అని ఎవరూ అడగలేదు.) ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి మీద కోపం రాదు, కానీ కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేవాడు కాదనుకోండి.

మా అక్కను రావల్కోల్‌లో ఇచ్చాం. ఆ ఏడు ఎండాకాలం చివర్లో బావ ట్రాక్టరు నల్లటి పొగ కక్కడం మొదలుపెట్టింది. మృగశిర కార్తెకు ఇంకా పదిహేను రోజులే ఉన్నాయి. తొలి వాన పడిందంటే బావ చేను, ఆయన మాటిచ్చిన మరో నలుగురి చేలు దున్నాలి. నాలుగేళ్ల కిందట అదే ఇంజను విప్పి బాగుచేసిన మేడ్చల్ మెకానిక్‌కే ఈసారీ ఇద్దామని బావ అనుకున్నాడు. ఆయన్ను అందరూ చష్మా ఉస్తాద్ అనేవాళ్లు. సోడాబుడ్డి అద్దాల చష్మా లేకుండా ఆయన్ను చూసినవాళ్లు లేరు. నేను ఊరుకోవచ్చు కదా? ఇంటి మనిషిని నేనుండగా బయటివాళ్లెందుకన్నాను. బావ నవ్వి ఊరుకునేవాడే, కానీ పెళ్లయిన ఆరేళ్లలో ఆ ఇంట్లో పెద్దవాళ్ల ముందు గొంతెత్తని మా అక్క, వాళ్ల అత్త వింటుండగా, "మా తమ్ముడు జేస్తడు. సదువుకున్నడు గద" అంది. దాంతో పందెంలో ట్రాక్టరు ఒక్కటే కాదు, అక్క మాట కూడా పెట్టినట్టయింది. నాకది ఆ పూట తట్టనే లేదు.

విప్పడం బాగానే విప్పాను. విప్పడం ఎవరికైనా వస్తుంది. ఇంజను బ్లాకును ఆటో ట్రాలీలో వేసుకుని మేడ్చల్ లేత్ షాపుకు తీసుకెళ్తే, అక్కడి పనివాడు దాని పైభాగం వంకరపోయిందని, మిషను మీద చదును చేయాలని చెప్పి, రెండు మూలల్లో నిలబడ్డ పిన్నులను వేలితో చూపించాడు. బ్లాకు మీద దాని పై మూత, అంటే హెడ్డు, అటూ ఇటూ జరగకుండా కూర్చోవడానికి ఉండే డవల్ పిన్నులవి, చిటికెన వేలంత లావు. అవి తీస్తే తప్ప మిషనెక్కించనన్నాడు. గంటలో తీసుకొస్తానని చెప్పి బ్లాకును వెనక్కి తెచ్చి, బావ వాళ్ల రేకుల షెడ్డు కింద దించాను.

ఆ గంట రెండు రోజులైంది. కిరసనాయిలు పోశాను, సుత్తితో చుట్టూ తట్టాను, చివరికి పైపు పానా పట్టించి బలమంతా పెట్టి తిప్పాను. పిన్ను కదిలినట్టే అనిపించింది. సంతోషంగా చూద్దును కదా, కదిలింది పిన్ను కాదు, దాని ఆకారం. గుండ్రంగా ఉన్నది కోడిగుడ్డులా నొక్కుకుపోయింది, ఒంటినిండా పానా పళ్ల గాట్లు. ఉక్కు కడ్డీ అలా ఎలా నొక్కుకుపోతుందో నాకు అర్థం కాలేదు. అర్థం కానప్పుడు అడగాలని కోర్సులో చెప్పారు. ఎవరిని అడగాలో చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే బావ వచ్చి, "గిదేంది బామ్మర్ది, గిట్లయింది?" అన్నాడు. ఇక్కడే నా జీవితంలో నేను ఎక్కువసార్లు గుర్తు చేసుకున్న మాట నా నోట్లోంచి వచ్చింది. ఇంతకుముందు ఇప్పినాయనే ఖరాబ్ చేసిండన్నాను. తడుముకోకుండా, ఎంతో బాధపడుతున్నట్టు అన్నాను. అబద్ధానికి అంత సాఫీగా నోరు తిరుగుతుందని నాకే తెలియదు. బావ స్కూటర్ తీసి మేడ్చల్ వెళ్లాడు. ఉస్తాద్‌ను తిట్టి వస్తాడనుకున్నాను గానీ, వెనక సీటు మీద కూర్చోబెట్టుకుని వస్తాడని అనుకోలేదు.

ఉస్తాద్ చష్మా తుడుచుకుని బ్లాకు ముందు గొంతుక్కూర్చున్నాడు. పానా గాట్ల మీద బొటనవేలు పెట్టి మెల్లగా రాశాడు. తర్వాత నా వైపు చూశాడు. నా వెనక చాయ్ గ్లాసులతో నిలబడ్డ అక్కను చూశాడు. గడప మీద వాళ్ల అత్త, బస్తా మీద బావ.

"గిది నువ్వే చెడగొట్టినవంట గద ఉస్తాద్" అన్నాడు బావ.

"అయ్యుంటది పటేలా" అన్నాడు ఉస్తాద్. "అప్పుడు నాకు కండ్లు మంచిగ అవుపడకపోతుండె. పోరని తప్పేం లేదు."

అని, ఏమీ జరగనట్టు ఒక సన్నటి తీగ తీసుకుని, నేను ముట్టుకోని రెండో పిన్ను నడి నెత్తిలో గుచ్చడం మొదలుపెట్టాడు. ఏళ్లుగా గట్టిపడిన నల్లటి మడ్డి పెళ్లలు పెళ్లలుగా ఊడివచ్చింది. దాని కింద రంధ్రం. నేను కడ్డీ అనుకున్నది గొట్టం. "గిది డొల్ల పిన్ను బిడ్డా. బయట వట్టి పిసుకుతె నలుగుతది గని రాదు. లోపటి నుంచి చెప్పాలె" అని, అక్క వైపు తిరిగి ఇంట్లో జొన్నరొట్టె ఉందా అని అడిగాడు.

పొద్దుటి రొట్టె ఒకటి ఉంది. దాన్ని తుంచి, నీళ్లు చల్లి, ముద్ద చేసి పిన్ను గొట్టంలో కూరాడు. "ఇంజనుకు గూడ ఆకలైతదా?" అంది అక్క అత్త, ఆ రెండు రోజుల్లో మొదటిసారి నవ్వుతూ. ఉస్తాద్ విప్పిన సామాన్లలోంచి పాత వాల్వు ఒకటి ఏరి, దాని పొడవాటి కాడ ఆ గొట్టంలో సరిగ్గా పడుతుందో లేదో చూసి, ముద్ద మీద నిలబెట్టి సుత్తితో కొట్టాడు. మళ్లీ ముద్ద, మళ్లీ దెబ్బ. కిందికి పోవడానికి దారిలేని రొట్టె పిన్ను అడుక్కు చేరి దాన్నే పైకి తోస్తుందట. నాలుగో దెబ్బకు పిన్ను వరిగింజంత లేచింది. కాసేపటికి చేతికే వచ్చింది. పోట్లాడదామని ఉస్తాద్‌ను తెచ్చిన బావ రొట్టె పళ్లెం పట్టుకుని పక్కన నిలబడి ఉన్నాడు, నైవేద్యం పెట్టేవాడిలా.

నేను నలిపిన పిన్ను నోరు మొనదేలిన ఇనుముతో మళ్లీ గుండ్రంగా చేసి, ఉస్తాద్ సుత్తి నా చేతికిచ్చాడు. "గిది నువ్వు తియ్యి." ముద్ద చేసి కూరబోయాను. రొట్టె సగం నేల మీదే పడింది. పిన్ను లేచినప్పుడు నా వెనక అక్క ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. కార్తె మొదటి వానకు ట్రాక్టరు చేలో ఉంది. ఆ ఏడాదంతా బావ నన్ను డొల్ల బామ్మర్ది అనే పిలిచాడు.

పిన్నులు తీసిన మూడో రోజు తప్పు ఒప్పుకుందామని ఉస్తాద్ షాపుకు వెళ్లాను. "ఉస్తాద్, ఆ పిన్ను..." అనేసరికి, కొత్త పిన్నులు దొరికాయా అని అడిగాడు. దొరికాయన్నాను. "అయితె ఇగ గా బ్లాకు కడుగు" అన్నాడు, షాపులో విప్పి ఉన్న ఇంకో ఇంజను చూపిస్తూ. ఆయన దగ్గరే పనికి చేరి ఏడేళ్లు అక్కడే కడిగాను. రేపు చెబుదాం బావకు, రేపు చెబుదాం అనుకుంటూనే ఉస్తాద్‌ను పోగొట్టుకున్నాను.

ఆయన పోయిన ఏడాదికి, రావల్కోల్‌లో అన్నం తింటూ తింటూ చేయి ఆపి మొత్తం చెప్పేశాను. బావ ఆశ్చర్యపోతాడనుకున్నాను. "నాలుగేండ్ల గాట్లయితె తుప్పు వట్టాలె గద. ఉస్తాద్ ఏలుతోని రాసినప్పుడు అవి అద్దం లెక్క మెరుస్తుండె. గంత తెల్వదా నాకు?" అన్నాడు, కూర కలుపుకుంటూ. అక్క ఇంకో మాట చెప్పింది. "నీ అంగి ఉతికింది నేనే గద. జేబు నిండ పానా గీకిన ఇనుప రజనే." మరి ఇన్నేళ్లూ ఒక్కమాట ఎందుకనలేదని అడిగాను. "ఆయన నెత్తిన వెట్టుకున్నంక మళ్ల మేమెందుకు దించాలె?" అంది.

నేనొక్కణ్ణే దాచాననుకున్న సంగతిని ముగ్గురు కలిసి నా కోసం దాచారు. ఇప్పుడు నాకూ చష్మా వచ్చింది. బ్లాకు మీద డవల్ పిన్ను కనబడితే ముందు తీగ వెతుక్కుంటాను. రావల్కోల్ నుంచి బయలుదేరేటప్పుడు అక్క ఇప్పటికీ రెండు జొన్నరొట్టెలు కాగితంలో చుట్టి ఇస్తుంది, "ఒకటి నీకు, ఒకటి నీ పిన్నుకు" అంటూ. దారిలో ఒకటి తింటాను. రెండోది, ఆ రోజు పని ఉన్నా లేకపోయినా, ఒకప్పుడు టెస్టర్ పెట్టుకున్న జేబులో పెట్టుకుని షాపుకు వెళ్తాను.